భద్రతా చట్టాల తెలుగు: కడప జిల్లా పని పలుకుబడి నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కర్మాగారంలో ప్రదర్శించే సూచనలు అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్దేశించింది. ఆ భాష తెలుగైనచోట అది ఎటువంటి తెలుగుగా ఉండాలన్న ప్రశ్న మిగిలింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లోని యంత్రపు పనులను, గని పనులను దృష్టిలో ఉంచుకొని, భద్రతా చట్టాల్లోని కొన్ని కీలక పదాలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఏ అర్థాన్ని పోగొట్టుకుంటున్నాయో, ఏ అర్థాన్ని అదనంగా మోసుకొస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టం యజమానిపై ఉంచిన బాధ్యత సూచనాఫలకం తెలుగులో కార్మికుడి బాధ్యతగా మారుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భద్రతా చట్టం, అనువాదం, వృత్తిపదాలు, ప్రమాదం, సిలికోసిస్, రాయలసీమ, పాలనాభాష.

1. ఉపోద్ఘాతం:

ప్రొద్దుటూరు అనగానే బంగారు అంగళ్ళు, పత్తి వ్యాపారం, చేనేత స్ఫురిస్తాయి. ఆ ఊరి బండ్లను, మోటార్లను, మగ్గాలను నడిపించే లేత్ వర్క్‌షాపులు, వెల్డింగు అంగళ్ళు అంతగా గుర్తుకు రావు. జమ్మలమడుగు ప్రాంతంలో నాపరాతి గనులు, ఎర్రగుంట్ల పరిసరాల్లో బండల పాలిష్ యంత్రాలు, సిమెంటు కర్మాగారాలు, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ వారి గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. నలుగురు పనిచేసే షెడ్డు నుంచి అణుశక్తి విభాగపు సంస్థ దాకా విస్తరించిన ఈ పనుల ప్రపంచానికి భద్రతా నియమాలు ప్రధానంగా ఇంగ్లీషులో పుట్టాయి. అవి పనిచేసే మనిషిని చేరేది తెలుగులోనే.

చట్టం ఈ అవసరాన్ని గుర్తించింది. 1948 కర్మాగారాల చట్టం 108వ సెక్షన్ ప్రకారం కర్మాగారంలో ప్రదర్శించవలసిన నోటీసులన్నీ ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో అత్యధికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండవలసి ఉండేది. ఇక్కడ చట్టం వాడిన కొలమానం 'ప్రాంతీయ భాష' గాని 'అధికార భాష' గాని కాదు. అర్థం కావడమే దాని కొలమానం. అందువల్ల బోర్డు మీద తెలుగు లిపి ఉన్నంతమాత్రాన నియమం నెరవేరినట్టు భావించలేము. ఆ తెలుగు అర్థమవుతున్నదా అన్నది భాషావిమర్శ తేల్చవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు కడప జిల్లాలోనే ఒక సాహిత్య నేపథ్యం ఉంది. సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు. ఆయన 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అనువాదాన్ని గంభీరమైన విమర్శవిషయంగా నిలబెట్టిన గ్రంథం పులివెందుల సీమ మనిషి నుంచి వచ్చింది. కథకు, కవితకు వర్తించే ఆ శ్రద్ధను గ్రైండరు పక్కన వేలాడే బోర్డుకు కూడా వర్తింపజేయడం ఆ వారసత్వానికి తగిన పనే. తప్పుడు అనువాదం కథలో రసాన్ని చెడగొడితే, బోర్డు మీద చేతివేళ్ళకు ముప్పు తెస్తుంది.

2. 'ప్రమాదం' అనే మాట:

భద్రతా రంగంలో ఇంగ్లీషు భాష నాలుగు భావాలను వేరుచేసి చూస్తుంది. హాని చేయగల గుణమున్న వస్తువు లేదా స్థితి 'హజార్డ్'. ఆ హాని జరిగే అవకాశం, దాని తీవ్రత కలిస్తే 'రిస్క్'. ముంచుకొచ్చిన స్థితి 'డేంజర్'. జరిగిపోయిన ఘటన 'యాక్సిడెంట్'. వాడుక తెలుగులో ఈ నాలుగింటికీ 'ప్రమాదం' అనే ఒక్క మాటే ఎక్కువగా పనిచేస్తున్నది. ప్రమాదకర ప్రక్రియ, ప్రమాదం పొంచి ఉంది, ప్రమాదం జరిగింది అన్న మూడు ప్రయోగాల్లోనూ అదే పదం.

దీనివల్ల స్పష్టత తగ్గడం ఒక నష్టం. పదమూలంలో అంతకన్నా పెద్ద చిక్కు ఉంది. సంస్కృతంలో 'ప్రమాదం' అంటే ప్రధానంగా ఏమరుపాటు, అజాగ్రత్త. ప్రమత్తుడు, అప్రమత్తుడు అనే మాటలు ఆ మూలం నుంచే వచ్చాయి. 'అప్రమత్తంగా ఉండండి' అన్న హెచ్చరికలో ఆ పాత అర్థం నేటికీ సజీవంగా ఉంది. అంటే తెలుగులో ఒక ఘటనను ప్రమాదం అని పిలిచినప్పుడే, ఎవరో ఏమరినందువల్ల అది జరిగిందన్న సూచన లోలోపల మిగులుతుంది. యంత్రం దగ్గర ఉన్నది కార్మికుడు గనుక ఆ 'ఎవరో' సాధారణంగా అతడే అవుతాడు. తొడుగు లేని బెల్టు, అరిగిన తీగ, చాలని వెలుతురు ఏమరలేవు కదా.

పలుకుబడిలో దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్ల మీద పుర్రె బొమ్మ కింద 'అపాయము' అని రాయడం తెలుగువారందరికీ తెలిసినదే. అక్కడ తప్పు ఎవరిదన్న సూచన లేదు. ఆ తీగలో హాని చేసే గుణం ఉందన్న నిజం మాత్రమే ఉంది. హజార్డ్ అన్న భావానికి 'అపాయం', రిస్క్‌కు 'ముప్పు', జరిగిపోయిన దానికి మాత్రమే 'ప్రమాదం' వాడితే మూడు భావాలూ విడివిడిగా నిలుస్తాయి. ఈ మూడూ కొత్తగా కల్పించవలసిన మాటలు కావు.

2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గరి ముగ్గురాళ్ళ గని వద్ద పేలుడు పదార్థాలు పేలి పదిమంది మరణించారు. ఇటువంటి ఘటనను 'ప్రమాదం' అనడంతో వాక్యం ముగిసిపోతుంది. పేలుడు పదార్థాల రవాణా, నిల్వ, దింపుడు అనే ప్రతి దశకూ చట్టంలో ఒక్కొక్క బాధ్యుడు ఉంటాడు. 'అక్కడ ఏ అపాయం ఉండింది, దాన్ని అదుపులో ఉంచవలసినవారు ఎవరు' అని అడిగేందుకు వీలిచ్చే పదజాలం ఉన్నప్పుడే ఆ బాధ్యుల వైపు చూపు వెళుతుంది.

3. కర్త మారిన వాక్యాలు:

భద్రతా చట్టపు వాక్యాల్లో కర్త సాధారణంగా యజమాని. కర్మాగారాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం యంత్రంలోని అపాయకరమైన భాగాలకు గట్టి రక్షణ కంచె ఉండవలసి ఉండేది. యంత్రం కదులుతున్నంతసేపూ ఆ కంచె తన స్థానంలో ఉండవలసి ఉండేది. కళ్ళలోకి రవ్వలు, తునకలు ఎగిరే పనుల్లో తెరలు గాని కళ్ళద్దాలు గాని సమకూర్చాలని 35వ సెక్షన్ చెప్పింది. నడుస్తున్న యంత్రానికి నూనె వేయడం వంటి పనులు శిక్షణ పొందిన వయోజన పురుష కార్మికుడే, ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు ధరించి చేయాలని 22వ సెక్షన్ నిర్దేశిస్తూ, ఆ దుస్తులను యజమానే సరఫరా చేయాలని కూడా స్పష్టం చేసింది.

వర్క్‌షాపుల్లో, కర్మాగారాల్లో సాధారణంగా కనిపించే బోర్డుల వాక్యాలను వీటి పక్కన ఉంచి చూడాలి. 'వదులు దుస్తులు ధరించరాదు', 'కళ్ళద్దాలు తప్పక ధరించండి', 'మీ భద్రత మీ చేతుల్లోనే', 'ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూసేవారు ఉన్నారు'. వీటిలో అబద్ధమేమీ లేదు. అయితే ప్రతి వాక్యంలోనూ కర్త మారిపోయాడు. చట్టంలో దుస్తులు 'ఇవ్వవలసిన' యజమాని కర్త, బోర్డులో 'ధరించవలసిన' కార్మికుడు కర్త. తెలుగులో విధ్యర్థక వాక్యానికి కర్తను వేరుగా చెప్పనక్కరలేదు. క్రియాంతంలోని 'అండి'లోనే అది ఇమిడిపోతుంది. ఈ వ్యాకరణ సౌలభ్యం వల్ల యజమాని పేరు కూడా రాకుండా బోర్డు పూర్తవుతుంది.

కార్మికుడికి చట్టంలో బాధ్యతలు లేవని దీని అర్థం కాదు. 111వ సెక్షన్ కార్మికుల విధులను చెప్పింది. రక్షణ పరికరాలను పాడుచేయకూడదు, తనకూ ఇతరులకూ ముప్పు తెచ్చే పని కావాలని చేయకూడదు. అయితే భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత 1987లో వచ్చిన సవరణ దాని పక్కనే 111-ఎ సెక్షన్‌ను చేర్చింది. తన ఆరోగ్య భద్రతలకు సంబంధించిన సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కు, శిక్షణ పొందే హక్కు, లోటుపాట్లను ఇన్‌స్పెక్టరు దృష్టికి తీసుకువెళ్ళే హక్కు అందులో ఉండేవి. విధి, హక్కు పక్కపక్కనే ఉన్న చట్టం నుంచి బోర్డు మీదికి విధి ఒక్కటే వచ్చింది. ఏటా మార్చి 4న జరిగే జాతీయ భద్రతా దినోత్సవంలో ప్రతిజ్ఞ చేసేది కూడా ఎక్కువగా కార్మికులే.

గ్రైండరుకు సంబంధించిన ఒక తీర్పు ఇక్కడ ప్రస్తావనార్హం. 1955లో ఇంగ్లండులో జాన్ సమ్మర్స్ వర్సెస్ ఫ్రాస్ట్ అనే వ్యాజ్యం హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చింది. గ్రైండింగు చక్రానికి తగిలి ఒక కార్మికుడి బొటనవేలు గాయపడింది. చక్రాన్ని పూర్తిగా కప్పితే అది పనికే రాదని యాజమాన్యం వాదించింది. పనికి రాకపోయినా సరే, కంచె వేయవలసిన బాధ్యత తప్పదని న్యాయమూర్తులు తేల్చారు. భారతీయ కర్మాగారాల చట్టం ఆ బ్రిటిష్ శాసన సంప్రదాయం నుంచి వచ్చిందే. అంత కఠినమైన బాధ్యత ఉన్న నియమం 'గ్రైండరు వద్ద జాగ్రత్త' అన్న మూడు మాటలుగా కుదించుకుపోతే, మిగిలింది అనువాదం అనిపించుకోదు.

4. రెండు పారిభాషిక పదాల కథ:

చట్టంలో బాధ్యుడికి పెట్టిన పేరు 'ఆక్యుపైయర్'. కర్మాగారం వ్యవహారాలపై అంతిమ అదుపు ఎవరికి ఉంటే అతడే ఆక్యుపైయర్. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు ఆ బాధ్యుడవుతారని 1987 సవరణ చెప్పింది. సుప్రీంకోర్టు 1996లో జె.కె. ఇండస్ట్రీస్ వ్యాజ్యంలో దాన్ని సమర్థించింది. కింది ఉద్యోగిని ముందుకు తోసి పైవారు తప్పించుకోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఈ పదాన్ని నిఘంటువు చూసి 'ఆక్రమణదారు' అంటే రాయలసీమ పల్లెలో వంకపోరంబోకు కలుపుకున్నవాడు గుర్తొస్తాడు. 'అధిభోగి' అంటే ఎవరూ గుర్తుకు రారు. 'యజమాని' అన్నది తేలికైన మాటే గాని, మేనేజరు, కాంట్రాక్టరు, మేస్త్రీలలో ఎవరు యజమాని అన్న సందేహం మిగిలే ఉంటుంది. కాంట్రాక్టు పద్ధతి విస్తరించిన సిమెంటు, విద్యుత్ కర్మాగారాల్లో ఈ సందేహం చిన్నది కాదు. 'కర్మాగార బాధ్యుడు' అని చెప్పి, ఆ పక్కన ఆ వ్యక్తి పేరు రాయడం మేలైన మార్గం. ఒక పదం చేయలేని పనిని అక్కడ ఒక పేరు చేస్తుంది.

రెండవది 'రీజనబ్లీ ప్రాక్టికబుల్' అన్న పదబంధం. కార్మికుల ఆరోగ్యాన్ని, భద్రతను ఆ మేరకు కాపాడవలసిన సాధారణ బాధ్యతను 7-ఎ సెక్షన్ ఆక్యుపైయర్‌పై ఉంచింది. దీనికి తట్టే తెలుగు 'సాధ్యమైనంత మేరకు'. ఇంగ్లీషు న్యాయ సంప్రదాయంలో ఈ మాటకు 1949 నాటి ఎడ్వర్డ్స్ తీర్పు నుంచి ఒక కొలత ఉంది. ముప్పును ఒక తక్కెడలో, దాన్ని నివారించడానికయ్యే డబ్బు, కాలం, శ్రమలను మరో తక్కెడలో పెట్టి తూచాలి. ముప్పుతో పోలిస్తే ఖర్చు చాలా ఎక్కువని చూపగలిగినప్పుడే యజమానికి మినహాయింపు. తెలుగు వ్యవహారంలో 'సాధ్యమైనంత మేరకు చూస్తాలే' అంటే ఆ పని జరగదని వినేవాడికి అర్థమైపోతుంది. ఒకచోట తక్కెడను చూపిన మాట, మరోచోట తప్పించుకునే దారిని చూపుతున్నది. 'ముప్పుకు తగినంతగా చేయగలిగినదంతా' అన్నది కొంత పొడవైనా మూలంలోని తూకాన్ని నిలుపుతుంది.

5. జబ్బుకు పేరు:

కోతలో, డ్రిల్లింగులో, పాలిష్‌లో లేచే రాతి ధూళిలో సిలికా ఉన్నప్పుడు ఆ సన్నని కణాలు ఊపిరితిత్తుల్లో చేరి గట్టి మచ్చలు కడతాయి. ఆ వ్యాధి సిలికోసిస్. దానికి నయం చేసే మందు లేదు, నివారణే మార్గం. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం వంటి లక్షణాలు క్షయతో కలుస్తాయి గనుక దాన్ని క్షయగా పొరబడటం వైద్యరంగం గుర్తించిన సమస్య. పైగా సిలికా ధూళి పీల్చినవారికి క్షయ సోకే అవకాశం కూడా ఎక్కువ.

ఇక్కడ పేరు చుట్టూ ఒక న్యాయం ఆధారపడి ఉంది. కర్మాగారాల చట్టం మూడవ షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. ఆ రోగిని చూసిన వైద్యుడు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని 89వ సెక్షన్ చెప్పింది. 1923 నాటి నష్టపరిహార చట్టం దాన్ని వృత్తివ్యాధుల్లో చేర్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ వృత్తివ్యాధుల షెడ్యూలు ఉంది. చీటీ మీద 'టీబీ' అని మాత్రమే ఉంటే అది ఆ మనిషికి వచ్చిన జబ్బు. 'సిలికోసిస్' అని ఉంటే అది ఆ పని వల్ల వచ్చిన జబ్బు. ఒక పదం మారితే పరిహారం అడిగే దారి తెరుచుకుంటుంది లేదా మూసుకుపోతుంది. 'రాతిదుమ్ము జబ్బు' అని ప్రచారం చేసి, దాని పక్కన సిలికోసిస్ అనే పేరును కూడా నేర్పితే, పనిమనుషులు వైద్యుడికి తమ పని ఏమిటో తామే చెప్పగలుగుతారు.

పులివెందుల సీమకు మరొక ధూళితోనూ సంబంధం ఉంది. అక్కడి వేంపల్లె శిలల్లో ఆస్బెస్టాస్ దొరుకుతుంది. తెలుగులో దానికి 'రాతినార' అనే చక్కని పేరుంది. రాయి నారగా చీలుతుందన్న గుణమే ఆ పేరయింది, ఆ సన్నని నారే ఊపిరితిత్తులకు అపాయం. ఆస్బెస్టాస్ కార్మికుల విషయంలోనే 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది.

తుమ్మలపల్లె వంటి చోట మరో రకం చిక్కు ఎదురవుతుంది. యురేనియం గనిలో రేడాన్ వాయువు కంటికి కనిపించదు, వాసన ఉండదు. కార్మికుడు ఐదేళ్ళలో పొందే రేడియేషన్ 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదన్నది మన దేశంలోని నియమం. 'డోస్' అన్నదానికి 'మోతాదు' అని రాస్తే, మందు మోతాదు అలవాటైన మనసుకు అది మేలు చేసేదిగా తోస్తుంది. 'ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క' అనడంలో అందం లేకపోయినా పొరపాటుకు తావుండదు.

6. పని పలుకుబడి వైపు:

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తి పదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం వెలువడ్డాయి. పనిచేసేవారి నోటిమాటే ప్రామాణిక సమాచారమని ఆ కృషి నిరూపించింది. లేత్ షెడ్డుకు, పాలిష్ యంత్రానికి, వెల్డింగు అంగడికి కూడా అదే పద్ధతి వర్తించాలి. చక్కు, చక్కు తాళం, గార్డు, బెల్టు, బ్లేడు, రాడ్డు, ఎర్తింగు వంటి మాటలు అక్కడి తెలుగే. 'గార్డు'ను 'రక్షణ కవచం' చేసినప్పుడు తెలుగుదనం పెరిగినట్టు అనిపించినా, చేయి దేని దగ్గర ఆగాలో చెప్పే శక్తి తగ్గుతుంది.

ఈ దృష్టితో రాసిన ఒక సూచన ఇలా ఉండవచ్చు: 'గార్డు లేని గ్రైండరు ఆన్ చేయకూడదు. గార్డు, కళ్ళద్దాలు ఇవ్వవలసింది యాజమాన్యం. ఇవ్వకపోతే అడగండి. అడగడం మీ హక్కు.' ఇందులో అపాయమేమిటో, బాధ్యులెవరో, కార్మికుడు ఏం చేయగలడో మూడూ ఉన్నాయి. మాటలు షెడ్డువే. వలస కార్మికులు ఉన్నచోట ఇదే సూత్రం హిందీకి, ఒడియాకు కూడా వర్తిస్తుంది. 'అత్యధికులకు అర్థమయ్యే భాష' అన్న నియమం మిగిలినవారిని వదిలేస్తుంది. యంత్రం మాత్రం ఎవరినీ వదలదు.

7. చట్టం వెలుపలి షెడ్డు:

భాష ఒక్కటే చేయిని కాపాడదన్న ఆక్షేపణ న్యాయమైనదే. విద్యుత్తు వాడే పది మంది ఉన్న చోటును 1948 చట్టం కర్మాగారంగా గుర్తించింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. విద్యుత్తు వాడనిచోట ఇరవైని నలభై చేసింది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలకు ఈ స్మృతిలోని సాధారణ బాధ్యతలు వర్తిస్తాయి గాని, నలుగురైదుగురు పనిచేసే వర్క్‌షాపు సాధారణంగా పాత లెక్కలోనూ, కొత్త లెక్కలోనూ వెలుపలే ఉంటుంది. లేత్ చక్కు మాత్రం అక్కడ ఉన్నది ఎంతమంది అని లెక్కించి తిరగదు.

ఈ ఆక్షేపణ భాష అవసరాన్ని తగ్గించకపోగా పెంచుతుంది. ఇన్‌స్పెక్టరు రాని షెడ్డులో మిగిలే రక్షణ, యజమాని, పనివాడు పంచుకునే తెలివిడి మాత్రమే. చిన్న షెడ్డు యజమాని తరచుగా తానే మరో యంత్రం మీద పనిచేస్తుంటాడు. అతడి చేయి కూడా అదే చక్రం దగ్గర ఉంటుంది. అతడికి కూడా ఇంగ్లీషు సెక్షన్ల కన్నా షెడ్డు తెలుగే చేరువ.

8. ముగింపు:

భద్రతా చట్టాల తెలుగును పరిశీలించినప్పుడు మూడు విషయాలు తేలుతున్నాయి. 'ప్రమాదం' అనే ఒక్క పదం అపాయాన్ని, ముప్పును, ఘటనను కలిపివేసి ఏమరుపాటును కార్మికుడి మీదికి నెడుతున్నది. సూచనల వాక్యనిర్మాణంలో యజమాని అనే కర్త లుప్తమవుతున్నాడు. పని జబ్బుకు పని పేరు లేకపోవడంతో పరిహారపు హక్కు చేజారే అవకాశం ఉంది. మూడింటికీ పరిష్కారాలు భాషలో ఇప్పటికే ఉన్న మాటలతోనే సాధ్యం.

1966 నాటి అధికార భాషల చట్టం తరువాత పాలనాభాషగా తెలుగుపై జరిగిన చర్చ ప్రధానంగా కార్యాలయపు ఉత్తరాల చుట్టూ తిరిగింది. కొత్త స్మృతికి సంబంధించిన నియమాలు, శిక్షణ పుస్తకాలు, బోర్డులు తెలుగులోకి వస్తున్న ఈ దశలో ఆ చర్చ యంత్రం పక్కకు చేరాలి. అనువాదకుడితోపాటు లేత్ మెకానిక్‌ను, బండల కార్మికుడిని, వైద్యుడిని కూర్చోబెట్టి ప్రతి సూచననూ వారికి చదివి వినిపించాలి. విన్న తరువాత వారు తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే ఆ సూచన 'అర్థమయ్యే భాష'లో ఉన్నట్టు లెక్క. తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన ఇది. దీని ఫలితం మొదట కనిపించవలసింది ఎర్రగుంట్ల బండల మిషను దగ్గర, ప్రొద్దుటూరు లేత్ షెడ్డులో.